పొగగొట్టంలో పోయిన లాభం

పల్లెల్లో చాకలివారు బట్టలను చవుటిమన్ను కలిపిన నీళ్లలో ముంచి, ఉబ్బవేసి ఉతకడం ఒకప్పుడు అందరికీ తెలిసిన విషయమే. చవుటిమన్నుకు మురికిని విడగొట్టే గుణం అందులోని సోడా వలన వచ్చింది. రసాయన శాస్త్రంలో దీనిని సోడియం కార్బొనేటు అంటారు. ఒక ఊరి బట్టలకైతే చవుడు చాలును. కాని గాజు పోయాలన్నా, సబ్బు వండాలన్నా, మిల్లులలో నేసిన గుడ్డను శుభ్రం చేయాలన్నా సోడా బండ్లకొద్దీ కావాలి. పద్దెనిమిదవ శతాబ్దం చివరి భాగంలో యూరపు ఖండంలో ఈ అవసరం బాగా పెరిగింది. ఆ సోడాను చౌకగా చేయడం నేర్చిన పరిశ్రమ కొందరిని కోటీశ్వరులను చేసింది. చుట్టుపక్కల చెట్లను మోడులుగా మార్చింది. చివరకు పరిశ్రమలు వదిలే విషవాయువులపై ప్రభుత్వ రసాయనజ్ఞుని తనిఖీకి దారితీసింది. లాభానికీ, నష్టభయానికీ, చట్టానికీ గల సంబంధం ఎట్టిదో తెలుసుకోవాలంటే ఈ పరిశ్రమ చరిత్ర చక్కని ఉదాహరణ.

ఉప్పు నుండి సోడా

అంతకు పూర్వం యూరపులో సోడాను మొక్కలను కాల్చి తీసేవారు. స్పెయిన్ తీరంలో పెరిగే ఉప్పు మొక్కల బూడిద, స్కాట్లండు తీరంలో దొరికే సముద్రపు నాచు బూడిద ఇందుకు పనికివచ్చేవి. బూడిద ఎంత కాల్చినా అందులో వచ్చే సోడా కొద్ది. యుద్ధం వస్తే ఓడలు ఆగిపోయేవి. ఓడలు ఆగితే గాజు కొలుములూ సబ్బు బానలూ చల్లబడేవి. అందుచేత సముద్రపు ఉప్పు నుండి సోడా చేసే ఉపాయం చెప్పినవారికి బహుమతి ఇస్తామని ఫ్రాన్సులోని సైన్సు అకాడమీ ప్రకటించింది.

ఈ ఉపాయాన్ని కనిపెట్టినవాడు నికొలాస్ లెబ్లాంక్. ఆయన ఓర్లియన్స్ ప్రభువు ఆస్థానంలో వైద్యుడు. ఆ ప్రభువు ఇచ్చిన పెట్టుబడితో సెయింట్ డెనిస్ లో కర్మాగారం కట్టి, 1791లో తన పద్ధతికి పేటెంటు పొందాడు. ఇంతలో ఫ్రెంచి విప్లవం ముదిరింది. 1793లో ప్రభువు తల గిలటిన్ కింద తెగింది. కర్మాగారాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకొని, పద్ధతిని అందరికీ బహిరంగం చేసింది. ఆ తరువాత ఎన్నో ఏండ్లకు కర్మాగారం తిరిగి చేతికి వచ్చినా దాన్ని నడపడానికి లెబ్లాంక్ దగ్గర డబ్బు లేదు. 1806లో ఆయన ఆత్మహత్య చేసుకొన్నాడు. ఒక కొత్త పరిశ్రమకు మొదటి పెట్టుబడి పెట్టినవాడూ, మొదటి తెలివి పెట్టినవాడూ ఇద్దరూ ఈ విధంగా నష్టపోయారు. ఫలితం ఇతరులకు దక్కింది.

లెబ్లాంక్ పద్ధతిలో రెండు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టులో ఉప్పు మీద గంధకామ్లం పోసి వేడిచేస్తారు. అప్పుడు సోడియం సల్ఫేటు మిగులుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అనగా మన పాత పుస్తకాలలో ఉదజహరికామ్లం అన్నది, వాయురూపంలో బయటికి పోతుంది. రెండవ మెట్టులో ఆ సల్ఫేటును బొగ్గుతోనూ సున్నపురాయితోనూ కలిపి కొలిమిలో కాలుస్తారు. వచ్చిన నల్లని ముద్దను నీళ్లలో నానబెడితే సోడా కరిగి నీటిలోకి వస్తుంది. కరగని కాల్షియం సల్ఫైడు మడ్డిగా అడుగున నిలిచిపోతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. పరమాణు భారాలను బట్టి గుణిస్తే, 106 భాగాల సోడా తయారయ్యేటప్పుడు 73 భాగాల హైడ్రోక్లోరిక్ ఆమ్లవాయువు పుడుతుంది. అంటే 100 టన్నుల సోడా చేసిన కర్మాగారం దాదాపు 69 టన్నుల ఆమ్లవాయువును కూడ చేసినట్లే. సోడాకు బజారులో ధర ఉంది. ఆ వాయువుకు అంత గిరాకీ లేదు. అందుచేత దానిని పొగగొట్టం ద్వారా గాలిలోకి వదిలివేశారు.

గాలిలో కలిసిన ఆమ్లం

ఇంగ్లండులో ఉప్పుపై భారీ పన్ను ఉన్నంతకాలం ఈ పరిశ్రమ అక్కడ తల ఎత్తలేదు. ప్రభుత్వం 1823లో పన్నును బాగా తగ్గించి, 1825లో పూర్తిగా ఎత్తివేసింది. అదే అదనుగా జేమ్స్ మస్‌ప్రాట్ అనే ఐర్లండు దేశస్థుడు లివర్‌పూల్ నగరంలో లెబ్లాంక్ పద్ధతిన సోడా చేయడం మొదలుపెట్టాడు. అలవాటైన బూడిదను వదలి కొత్త సరుకును కొనడానికి సబ్బు తయారుచేసేవారు మొదట జంకారు. మస్‌ప్రాట్ కొంత సోడాను వారికి ఉచితంగా పంచిపెట్టాడని చెబుతారు. ఒకసారి వాడి చూచిన తరువాత వారు మరల బూడిద వంక చూడలేదు. ఆయన 1828లో సెయింట్ హెలెన్స్ లోనూ, తరువాత న్యూటన్ లోనూ కర్మాగారాలు నెలకొల్పాడు. చెషైర్ ఉప్పు, లాంకషైర్ బొగ్గు, ఓడలు వచ్చే రేవు, గిరాకీ ఉన్న జవుళి మిల్లులు అన్నీ ఆ ప్రాంతంలోనే ఉన్నాయి. కొద్దికాలంలోనే అక్కడ పొగగొట్టాలు వరుసలు తీరాయి.

హైడ్రోక్లోరిక్ ఆమ్లవాయువు గాలికంటె బరువైనది. దానికి నీరంటే ఎక్కడలేని ప్రీతి. సాధారణ ఉష్ణోగ్రతలో ఒక గ్లాసు నీరు దాదాపు 450 గ్లాసుల వాయువును తనలో కలుపుకొనగలదు. ఇంగ్లండు గాలిలో తేమకు కొదువ లేదు. అందుచేత పొగగొట్టం విడిచిన వాయువు ఆ తేమను పట్టుకొని సన్నని ఆమ్లపు తుంపరలుగా పొలాలమీదికి దిగేది. ఆకులు మాడి రాలిపోయేవి. పొలాల గట్లమీది కంచె మొక్కలు ఎండిపోయేవి. కిటికీల ఇనుప ఊచలు తుప్పుపట్టేవి. ఆ ఊళ్లలో మనుష్యుల కళ్లు మండేవి, దగ్గు విడిచేది కాదు.

జనం ఊరకుండలేదు. 1838లో లివర్‌పూల్ నగరపాలక సంఘం మస్‌ప్రాట్ మీద దావా వేసింది. అతని కర్మాగారం ప్రజలకు ఉపద్రవమని న్యాయస్థానం తీర్పు చెప్పింది. న్యూటన్ కర్మాగారం మీద చుట్టుపక్కల భూస్వాములు వేసిన దావాల ఫలితంగా అది చివరకు మూతపడింది. అయితే అంతటితో సోడా పరిశ్రమ ఆగలేదు. మస్‌ప్రాట్ కుటుంబం విడ్నెస్, ఫ్లింట్ అనే చోట్ల కొత్త కర్మాగారాలు పెట్టింది. బలవంతులైన భూస్వాములు ఉన్న చోటు నుండి వాయువు బీదల ఇళ్లున్న చోటికి మారిందనవచ్చు.

కొందరు యజమానులు మరొక ఉపాయం చేశారు. పొగగొట్టాన్ని ఎత్తు పెంచితే వాయువు ఆకాశంలో పలచబడి పోతుందని వారు అనుకొన్నారు. గ్లాస్గో నగరంలోని టెనెంటు కర్మాగారంలో 1842 నాటికి కట్టిన పొగగొట్టం 435 అడుగుల ఎత్తు ఉండేది. కాని ఎత్తయిన గొట్టం దగ్గరి పొలాలకు కొంత ఉపశమనం కలిగించి, ఆమ్లాన్ని దూరపు పొలాలకు పంచిపెట్టింది. నష్టపోయేవారి సంఖ్య పెరిగింది. ఎవరి గొట్టం వలన ఎవరి చేను మాడిందో తేల్చడం కష్టమయింది. ఒకే ఊరిలో పది కర్మాగారాలు ఉంటే ఏ యజమానిపై దావా వేయాలి? ప్రతి యజమానీ పక్కవానిని చూపేవాడు. సాక్ష్యం లేక రైతు ఇంటికి పోయేవాడు.

మూలపడిన గోపురం

ఇంతకూ ఈ వాయువును పట్టే ఉపాయం అప్పటికి తెలియనిది కాదు. 1836లోనే విలియం గొసేజ్ అనే రసాయనజ్ఞుడు అందుకు పేటెంటు తీసుకొన్నాడు. ఆయన వూర్‌స్టర్ మండలంలో స్టోక్ ప్రయర్ అనే చోట సోడా కర్మాగారం నడిపేవాడు. అక్కడ పాడుపడిన గాలిమర గోపురం ఒకటి ఉంది. దాని నిండా ముళ్లకంపలూ పుల్లలూ నింపి, పైనుండి నీళ్లు వదిలి, వాయువును లోపలికి పంపి చూచాడని చెబుతారు. నీళ్లు కంపలమీద సన్నని పొరగా జారుతాయి. కనుక వాయువుకు తడిసిన తలం ఎంతో ఎక్కువగా తగులుతుంది. గోపురం దాటేసరికి ఆమ్లం దాదాపు అంతా నీటిలో కరిగిపోతుంది. తరువాత కంపలకు బదులు కోకుబొగ్గు ముక్కలు వాడారు. ఇందులో వింత ఏమీ లేదు. ఒక గోపురం, నీరు, బొగ్గు ముక్కలు ఉంటే సరి.

అయినా ఇరవై యేడు సంవత్సరాలపాటు ఈ గోపురం అందరికీ అలవాటు కాలేదు. కొందరు కట్టనే లేదు. కట్టిన కొందరు నీళ్లు చాలినన్ని వదిలేవారు కాదు; రాత్రివేళ కొలిమిని జోరుగా నడిపి వాయువును తిన్నగా గొట్టంలోకి పంపేవారు. సైన్సు ఉపాయం చూపినా పరిశ్రమ దానిని అందుకోకపోవడానికి కారణం లెక్కల పుస్తకంలో ఉంది.

ఒక యజమాని గోపురం కట్టాడనుకొందాం. కట్టుబడికి, నీటికి, కాపలాకు అతనికి ఖర్చవుతుంది. పట్టిన ఆమ్లంలో కొంత అమ్ముడుపోవచ్చు. అంత ఆమ్లానికి ఆనాడు గిరాకీ లేదు. పక్క కర్మాగారంవాడు ఈ ఖర్చేమీ లేకుండా సోడాను కొంచెం తక్కువ ధరకు అమ్ముతాడు. మంచి పొరుగువాడుగా నడుచుకొన్నవాడు బజారులో ఓడిపోతాడు. ఇక మాడిన చేను సంగతి ఏమిటి? అదీ ఒక ఖర్చే. అది రైతు ఖాతాలో పడింది. దగ్గు కూలివాని ఖాతాలో పడింది. యజమాని ఖాతాలో పడనందున అతని లాభం నిజమైన లాభంకంటె పెద్దదిగా కనబడింది. ఇట్టి లెక్క ఉన్నంతకాలం గొసేజ్ గోపురం మూలపడక తప్పదు.

1863 చట్టం

1862లో ఈ సంగతి పార్లమెంటు ప్రభువుల సభకు వచ్చింది. తెచ్చినవాడు డెర్బీ ప్రభువు. అంతకుముందు రెండుసార్లు ప్రధానమంత్రిగా పనిచేసిన ఆయన ఎస్టేటు సెయింట్ హెలెన్స్ కు దగ్గరలోనే ఉంది. చట్టానికి నాంది పలికింది పేదల దగ్గుకంటె ప్రభువుల చెట్లమీది మమకారమని చెప్పడం తప్పుకాదు. విషవాయువుల నష్టాన్ని విచారించడానికి సభ ఒక సంఘాన్ని నియమించింది. రైతులూ, భూస్వాములూ, వైద్యులూ, రసాయనజ్ఞులూ, కర్మాగారాల యజమానులూ దాని ముందు సాక్ష్యం ఇచ్చారు.

ఆ విచారణలో తేలిన ముఖ్యమైన విషయం ఏమిటంటే, గోపురాన్ని శ్రద్ధగా నడిపితే వాయువును దాదాపు పూర్తిగా పట్టవచ్చును. ఇది అప్పటికే కొన్ని కర్మాగారాలలో జరుగుతున్నది. ఒకరు చేయగలిగినది ఇంకొకరు చేయలేమనడం చెల్లదు. యజమానులలో చాలమంది కూడ చట్టాన్ని మొండిగా ఎదిరించలేదు. అందుకు కారణం లేకపోలేదు. దావాల భయం వారిని ఎప్పుడూ వెంటాడేది. ఏ న్యాయస్థానం ఏనాడు కర్మాగారాన్ని మూయిస్తుందో తెలియదు. చట్టం వలన ఆ భయం పూర్తిగా పోదు గాని, ఎంతవరకు పట్టితే సర్కారు ఒప్పుకొంటుందో ముందే తెలుస్తుంది. పైగా గోపురం ఖర్చు అందరికీ సమానంగా పడుతుంది గనుక పొరుగువాని చవుక సరుకు బెడద ఉండదు.

1863లో వచ్చిన క్షార కర్మాగారాల చట్టం చాల చిన్నది. అది 1864 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. పుట్టిన హైడ్రోక్లోరిక్ ఆమ్లవాయువులో నూటికి 95 వంతులకు తక్కువ కాకుండా పట్టి ఉంచాలన్నది అందులోని ప్రధాన నియమం. ఏ గోపురం కట్టాలి, ఎంత ఎత్తు కట్టాలి, బొగ్గు వాడాలా ఇటుక వాడాలా అన్నది చట్టం చెప్పలేదు. ఫలితం చూపమన్నది, దారి యజమానికి వదిలింది. ఈ తెలివి వలన కర్మాగారాలలోని రసాయనజ్ఞులు తమకు తోచిన మెరుగులు చేయడానికి వీలు కలిగింది. చట్టాన్ని మొదట అయిదేండ్లలోపు గడువుతో చేసి చూచి, 1868లో శాశ్వతం చేశారు.

చట్టాన్ని అమలు జరపడానికి నియమించిన మొదటి తనిఖీదారు రాబర్ట్ ఆంగస్ స్మిత్. ఆయన 1817లో గ్లాస్గో ప్రాంతంలో పుట్టి, జర్మనీలో లీబిగ్ పండితుని వద్ద రసాయన శాస్త్రం చదివినవాడు. మాంచెస్టర్ గాలినీ వాన నీటినీ పరీక్షించి 1852లోనే ఆ వాన నీటిలో ఆమ్లం ఉందని చూపాడు. ఈనాడు పత్రికలలో తరచు కనబడే ఆమ్లవర్షం అనే మాట ఆయన 1872లో ప్రకటించిన గ్రంథం ద్వారానే ప్రచారంలోకి వచ్చింది. ఆయన కింద నలుగురు ఉప తనిఖీదారులు ఉండేవారు. వారు చూడవలసిన కర్మాగారాలు ఎనభైకి పైగా ఉన్నాయి.

నూటికి 95 వంతులు అని చట్టంలో రాయడం సులభం. కొలవడం సులభం కాదు. కొలిమిలో ఎంత ఉప్పు వేశారో తెలిస్తే ఎంత వాయువు పుట్టిందో లెక్కగట్టవచ్చు. కాని గొట్టంలో పోయేది ఎంత? పగలు ఒక లెక్క, రాత్రి ఒక లెక్క. స్మిత్, ఆయన సహాయకులు గొట్టంలోని గాలిని తెలిసిన ఘనపరిమాణంలో లాగి, నీటిగుండా పంపి, ఆ నీటిలో చేరిన ఆమ్లాన్ని కొలిచే పరికరాలు తయారుచేసుకొన్నారు. మనిషి లేనప్పుడు కూడ తనంతట తాను గాలిని పట్టే పరికరాన్ని కూడ స్మిత్ రూపొందించాడు. యజమానిపై నేరం మోపడంకంటె అతని గోపురంలో లోపం ఎక్కడుందో చూపి సరిచేయించడం ఆయనకు ఇష్టం. దావా వేయడం చాల అరుదు. ఇది మెతకదనమని విమర్శించినవారూ ఉన్నారు. ఏమైనా మొదటి సంవత్సరపు తనిఖీలోనే కర్మాగారాలు సగటున నూటికి 98 వంతులకు పైగా వాయువును పడుతున్నట్లు తేలింది. పరిశ్రమ మునగలేదు.

వ్యర్థం సరుకు అయిన విధం

ఇప్పుడు యజమానుల ముందు మరొక చిక్కు నిలిచింది. గోపురాల అడుగున ఆమ్లం చెరువుల్లా నిండుతున్నది. దానిని ఏం చేయాలి? చాలమంది పక్కనున్న వాగులోకి వదిలారు. చట్టం గాలిని గూర్చి చెప్పింది గాని నీటిని గూర్చి చెప్పలేదు. ఆమ్లపు నీరు వాగులలో చేపలను చంపింది, కాలువల రాతికట్టడాలను తినివేసింది.

ఈ దశలో ఇద్దరు మనుష్యులు పరిశ్రమ లెక్కను తిరగరాశారు. పత్తిబట్టను, కాగితపు గుజ్జును తెల్లబరచడానికి బ్లీచింగు పౌడరు కావాలి. దానిని క్లోరిన్ వాయువును పొడిసున్నానికి పట్టించి చేస్తారు. టెనెంటు 1799లోనే ఈ పౌడరుకు పేటెంటు పొందాడు. అంతకుముందు బట్టను వారాల తరబడి పచ్చికమీద ఎండలో పరచి తెల్లబరచేవారు. క్లోరిన్ రావాలంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని మాంగనీసు డయాక్సైడుతో కలిపి వేడిచేయాలి. ఈ మాంగనీసు ఖనిజం ఖరీదైనది; ఒకసారి వాడిన తరువాత వ్యర్థంగా పారబోయవలసి వచ్చేది. ఆమ్లం ఎంత చవుకగా ఉన్నా ఖనిజం ఖర్చు వలన క్లోరిన్ ప్రియమయ్యేది.

వాల్టర్ వెల్డన్ అనే పత్రికా రచయిత, రసాయన శాస్త్రం పాఠశాలలో చదవనివాడు, ఈ చిక్కు విప్పాడు. వాడిన మాంగనీసు ద్రవానికి సున్నం కలిపి గాలి ఊదితే మాంగనీసు మరల పనికివచ్చే రూపానికి వస్తుందని ఆయన 1866 తరువాతి ప్రయత్నాలలో రుజువు చేశాడు. అదే కాలంలో విడ్నెస్ లో హెన్రీ డీకన్ మరొక దారి పట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లవాయువును గాలితో కలిపి, రాగి లవణం పట్టించిన వేడి ఇటుక ముక్కల గుండా పంపితే తిన్నగా క్లోరిన్ వస్తుంది. రాగి లవణం ఈ చర్యను త్వరపరుస్తుంది గాని తాను ఖర్చుకాదు. డీకన్ 1868లో పేటెంటు తీసుకొన్నాడు. ఆయన కర్మాగారంలోని ఫెర్డినాండ్ హర్టర్ అనే స్విస్ రసాయనజ్ఞుడు ఆ పద్ధతిని బాగుపరచడానికి ఎంతో శ్రమించాడు.

ఆ రోజులలోనే కాగితానికి గిరాకీ పెరిగింది. ఇంగ్లండులో కాగితంపై పన్నును 1861లో ఎత్తివేశారు. చింకిగుడ్డలు చాలక ఎస్పార్టో గడ్డితో కాగితం చేయడం మొదలయింది. ఆ గడ్డి గుజ్జు తెల్లబడాలంటే బ్లీచింగు పౌడరు విస్తారంగా కావాలి. నిన్నటివరకు చెట్లను మాడ్చిన వాయువు నేడు పీపాలలో నిండి ఓడలెక్కింది. చట్టం గోపురంలోకి మళ్లించకపోతే అంత ఆమ్లం వెల్డన్ చేతికి నిలకడగా వచ్చేది కాదు. సైన్సు సరుకుగా మార్చకపోతే చట్టం పట్టించిన ఆమ్లం వాగులపాలు కావలసిందే. రెండూ కలిసినప్పుడే లాభం కనబడింది.

చివరి ముప్పై ఏండ్లు

ఈ లాభం విలువ యజమానులకు తెలిసివచ్చింది కొద్దికాలం తరువాత. బెల్జియంలో ఎర్నెస్ట్ సాల్వే 1861లో కొత్త సోడా పద్ధతికి పేటెంటు పొందాడు. ఉప్పునీటిలో అమోనియాను, బొగ్గుపులుసు గాలిని కలిపి సోడా తీయడం ఆ పద్ధతి. అందులో గంధకామ్లం అక్కరలేదు. కంపుకొట్టే మడ్డి లేదు. అమోనియా చాలవరకు తిరిగి చేతికి వస్తుంది. లుడ్విగ్ మాండ్, జాన్ బ్రన్నర్ అనేవారు 1873లో భాగస్థులై, ఆ మరుసటి ఏడు చెషైర్ లోని విన్నింగ్టన్ లో సాల్వే సోడా చేయడం ఆరంభించారు. ఆ సోడా ధరతో లెబ్లాంక్ సోడా పోటీపడలేకపోయింది.

మామూలు లెక్క ప్రకారం లెబ్లాంక్ కర్మాగారాలు అప్పుడే మూతపడాలి. కాని సాల్వే పద్ధతిలో క్లోరిన్ చేతికి రాదు. అది కాల్షియం క్లోరైడు అనే పనికిరాని లవణంగా పోతుంది. కనుక బ్లీచింగు పౌడరు వ్యాపారం లెబ్లాంక్ వారి చేతిలోనే నిలిచింది. 1880 తరువాత వారు సోడామీద పోయినదాన్ని బ్లీచింగు పౌడరుమీద రాబట్టుకొని బతికారు. ఉపోత్పత్తి అసలు సరుకు అయి, అసలు సరుకు ఉపోత్పత్తి అయింది. 1890లో నలభైకి పైగా కర్మాగారాలవారు ఏకమై యునైటెడ్ ఆల్కలీ కంపెనీగా ఏర్పడ్డారు. తమ తాతలు గాలికి వదిలిన వస్తువే వారికి ఆధారమయింది.

1890 తరువాత ఉప్పునీటిగుండా విద్యుత్తును పంపి క్లోరిన్ తీసే పద్ధతి వచ్చింది. 1897లో రంకార్న్ లో అట్టి కర్మాగారం పని మొదలుపెట్టింది. దానితో లెబ్లాంక్ పద్ధతికి ఉన్న చివరి ఊతం విరిగింది. 1920 ప్రాంతాలకు అది ఇంగ్లండులో అంతరించింది. 1926లో యునైటెడ్ ఆల్కలీ, బ్రన్నర్ మాండ్ కంపెనీలు మరి రెండు సంస్థలతో కలిసి ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ అయ్యాయి. తరువాతి కాలంలో మరల వేరుపడిన బ్రన్నర్ మాండ్ సంస్థను 2006లో మన టాటా కెమికల్స్ కొన్నది.

చట్టం చూడని చోట్లు

చట్టం సాధించినదాన్ని చెప్పి, సాధించనిదాన్ని దాచడం న్యాయం కాదు. 1863 చట్టం ఒక్క వాయువునే చూచింది. గంధకపు వాయువులు విడిచే రాగి కర్మాగారాలు దాని పరిధిలోకి రాలేదు. అట్టి కర్మాగారంపై సెయింట్ హెలెన్స్ భూస్వామి ఒకడు వేసిన దావా ప్రభువుల సభ వరకు పోయి, 1865లో గాని తేలలేదు. నూటికి ఇంత అనే నియమంలో కూడ ఒక లొసుగు ఉంది. 100 టన్నుల సోడా చేసేవాడు అయిదు వంతులు వదిలితే దాదాపు మూడున్నర టన్నుల వాయువు పోతుంది. 1,000 టన్నులు చేసేవాడు అదే వంతున వదిలితే దాదాపు 35 టన్నులు పోతుంది. ఇద్దరూ చట్టాన్ని పాటించినట్లే. పరిశ్రమ పెరిగినకొద్దీ చెట్లు మరల మాడసాగాయి.

అందుచేత 1874లో చట్టాన్ని సవరించి, గొట్టం నుండి పోయే గాలిలో ఒక ఘనపుటడుగుకు 0.2 గ్రెయిను ఆమ్లానికి మించరాదని నిర్ణయించారు. ఇది మన కొలతలో ఘనపు మీటరుకు సుమారు 0.46 గ్రాము. ఇతర వాయువుల విషయంలో ఆచరణలో సాధ్యమైన ఉత్తమ పద్ధతిని వాడాలన్నారు. రాయల్ కమిషన్ ఒకటి విచారణ జరిపి 1878లో నివేదిక ఇచ్చిన తరువాత, 1881 చట్టం గంధకామ్లం, రసాయనిక ఎరువులు మొదలైన పరిశ్రమలకు కూడ తనిఖీని విస్తరింపజేసింది. స్మిత్ 1884లో మరణించేవరకు ఆ పదవిలోనే ఉన్నాడు.

కాల్షియం సల్ఫైడు మడ్డి కథ వేరు. అది సోడాకంటె ఎక్కువ బరువులో మిగిలేది. విడ్నెస్, సెయింట్ హెలెన్స్ ఊళ్ల చుట్టూ దానిని గుట్టలుగా పోశారు. వాన పడినప్పుడు, ముఖ్యంగా వాగులోని ఆమ్లం తగిలినప్పుడు, కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడు వాయువు లేచేది. గాలిలో పట్టిన ఆమ్లం నీటిలో చేరి, అక్కడి మడ్డితో కలిసి, మరల గాలిలోకి మరొక విషంగా వచ్చిందన్నమాట. అలెగ్జాండర్ ఛాన్స్ 1888 నాటికి ఆ మడ్డి నుండి గంధకాన్ని తిరిగి తీసే పద్ధతిని సాధించాడు గాని, అప్పటికి గుట్టలు గుట్టలుగానే మిగిలిపోయాయి.

అన్నింటికంటె పెద్ద లోపం మనుష్యుల విషయంలో. బ్లీచింగు పౌడరు గదులలోకి దిగి పీపాలు నింపే కూలీలు ముక్కుకూ నోటికీ ఫ్లానెలు గుడ్డను మడతలు మడతలుగా చుట్టుకొని పనిచేసేవారు. ఆ గుడ్డ గుండానే ఊపిరి పీల్చాలి. ఉప్పు కొలుముల దగ్గర పనిచేసేవారి పళ్లు ఆమ్లపు ఆవిరికి అరిగిపోయేవి. తనిఖీదారు గొట్టం పైన పోయే గాలిని కొలిచాడు. గొట్టం కింద మనిషి పీల్చే గాలిని కొలవమని ఆ చట్టం ఆయనకు చెప్పలేదు. భూస్వామి చెట్టుకు దొరికిన రక్షణ కూలివాని ఊపిరితిత్తులకు దొరకలేదు. లెబ్లాంక్ పరిశ్రమ లాభనష్టాల పట్టికలో ఈ పద్దు చివరివరకు రాయనే లేదు.

మన దేశంలో గాలి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 1981లో వచ్చింది. ఇంగ్లండులో చట్టాన్ని విస్తరించిన 1881కి సరిగా నూరేండ్ల తరువాత. ఈనాడు పొగగొట్టాలకు పెట్టే హద్దులు ఘనపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అనే రూపంలో ఉంటాయి. 1874లో ఘనపుటడుగుకు ఇంత అని పెట్టిన హద్దు తీరు కూడ ఇదే. నియంత్రణ వస్తే పరిశ్రమ కూలిపోతుందన్న మాట ఆనాడూ వినబడింది, ఈనాడూ వినబడుతుంది. సోడా పరిశ్రమ విషయంలో అది నిజం కాలేదు. అలాగే, చట్టం చేయగానే అంతా బాగుపడుతుందన్న మాట కూడ నిజం కాలేదు. కొలిచిన వాయువు గోపురంలో చిక్కింది. కొలవనిది వాగులోకో, మడ్డిగుట్టలోకో, కూలివాని గొంతులోకో పోయింది. గొసేజ్ గోపురం 1836లోనే సిద్ధంగా ఉన్నా, యజమాని పద్దులో నష్టం చేరేదాకా ఇరవై యేడు ఏండ్లు పాటు ఆమ్లం పొలాలమీద కురుస్తూనే ఉంది.